బల్ల గుర్తు

లోగోకి అర్థం చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు స్నిగ్ధ. బందరు ఎండకి అలవాటు లేదేమో పాపం, వస్తూనే మూడు గ్లాసుల మజ్జిగ తాగి, ఆ తర్వాతే నోరు తెరిచింది. తెర మీద ఓ ఎర్రటి పువ్వు చూపించింది. మూడు రేకులు, కింద పొట్టి కాడ. కుడి రేకు కొస మాత్రం కాస్త విరిగినట్టుంది.

“మొదటి రేకు వైద్యం. రెండోది విజ్ఞానం. మూడోది మన చేతిపని. కాడ ఉంది చూశారూ, అది మనిషి. మరి ఈ విరిగిన కొస ఏమిటంటారా? అది గాయం. గాయపడ్డా పువ్వు పువ్వేనని చెప్పడం” అంది.

హాలంతా చప్పట్లు. చిగురు చర్మ పరిశోధన బృందంలో పాతిక మంది ఉంటే పాతిక మందీ కొట్టారు, కాఫీలు అందిస్తున్న ఆయన కూడా పళ్లెం కింద పెట్టి మరీ కొట్టాడు. ముందు వరసలో, అందరికంటే మంచి కుర్చీలో కూర్చోబెట్టిన నాంచారయ్య ఒక్కడే కొట్టలేదు. కొట్టడానికి ఆయనకి చేతులు రాలేదు.

నాంచారయ్య డాక్టరు కాదు, శాస్త్రవేత్త అంతకన్నా కాదు. పెడనలో నలభై నాలుగేళ్లుగా కలంకారీ గుడ్డల మీద అచ్చులు వేస్తున్న మనిషి. ఆ రేకు కొస ఎందుకు విరిగిందో ఆ హాల్లో ఆయనకొక్కడికే తెలుసు. ఓ వానాకాలం తడిచేతిలోంచి అచ్చు జారి గడప మీద పడింది. అంతే! అందులో గాయమూ లేదు, తాత్పర్యమూ లేదు.

బృందాన్ని నడిపించే డాక్టర్ హైమవతి లేచి నిలబడింది. నలభై అయిదేళ్ల మనిషి, పనిలో పడితే తిండి సంగతి మర్చిపోయే రకం. ఆ రోజు మాత్రం కళ్లు మెరిసిపోతున్నాయి.

“ఈ లోగోలో గొప్పేమిటంటే, ఇది మనం గీసింది కాదు. శేషారత్నం మెడ మీద మనం ఖాళీగా వదిలిన చోట, ఆ అమ్మాయి రక్తమే దారి చేసుకుని ఇలా పూసింది. శరీరానికి మనం అన్నీ చెప్పనక్కర్లేదని నేర్పిన పువ్వు ఇది. ఆ ధైర్యంతోనే వచ్చే బుధవారం బాజీ చేతికి కొత్త చర్మం వేస్తున్నాం. అరచేతి వెనక దారులు వేస్తాం. అయిదు వేళ్లనీ ఖాళీగా వదిలేస్తాం. అక్కడ శరీరమే చూసుకుంటుంది.”

నాంచారయ్య కుర్చీ అంచుకి జరిగాడు. ఆ పువ్వు పూసింది కాదు. వేసింది. వేసింది తనే.

ఇదెలా జరిగిందో మొదట్నుంచీ చెప్పాలి. లేకపోతే ఆ పెద్దమనిషి అవస్థ మీకు అర్థం కాదు.

రెండేళ్ల కిందటికి హైమవతి మనిషి చర్మాన్ని గాజు పళ్లెంలో పెంచడం సాధించింది. కాలిన మనిషి ఒంటి మీంచే గోరంత ముక్క తీసుకుంటే మూడు వారాల్లో జేబురుమాలంత పొర తయారయ్యేది. పాల మీద మీగడలాంటి పొర. తీసుకెళ్లి గాయం మీద పరిస్తే రెండ్రోజులు బతికేది, నాలుగో రోజుకి తెల్లబడి చచ్చిపోయేది. కింద నుంచి రక్తం రాక.

అందుకని ఆవిడ ఓ మందు కనిపెట్టింది. నీళ్లలా ఉంటుంది, రంగూ వాసనా లేవు. దాంతో పొర మీద ఎక్కడ గీత గీస్తే అక్కడికి, బెల్లం గీత వెంట చీమలు వచ్చినట్టు, కింది నుంచి సన్నటి రక్తనాళాలు పాకి వస్తాయి. దారి మందు అనేవాళ్లు. బాగానే ఉంది కానీ, ఆ గీతలు గీసే యంత్రం చుక్క చుక్కగా గీసి ముగించేసరికి సగం రోజు పట్టేది, ఈలోపు పొర వాడిపోయేది. ఒక్కసారిగా, ఒక్క దెబ్బతో మొత్తం దారులన్నీ పడాలి. ఎలా? అప్పుడు కనపడిందట ఆవిడకి, తన మంచం మీద పరిచిన పెడన దుప్పటి.

అలా నాంచారయ్య బందరు లాబొరేటరీకి వచ్చాడు. వచ్చిన మొదటి రోజే వాళ్ల తంటాలు చూశాడు. అచ్చుతో మందు వేస్తే పొర మీద నిలవడం లేదు, చుట్టూ పాకిపోతోంది. అయిదు నెలలుగా అదే గొడవట.

“పాలు పట్టించలేదా అండి?” అని అడిగాడు.

“పాలా?” అంది హైమవతి.

“గుడ్డనైతే కరక్కాయ రసంలో గేదె పాలు కలిపి ముంచి ఆరబెడతామండి. లేకపోతే ఎంత మంచి రంగైనా పాకిపోదూ?”

ఆవిడ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లజోడు తీసి తుడుచుకుంది. నెల తిరక్కుండా పాలలోంచి తీసిన ఏదో పదార్థంతో పొరని కడగడం మొదలెట్టారు. గీతలు గీసినవి గీసినట్టు నిలిచాయి.

ఇక అచ్చులు. చెక్కవి పనికిరావు, ఆవిరిలో ఉడికించినా చెక్కుచెదరని తెల్లటి గట్టి సరుకు తెప్పించారు. నాంచారయ్య దాన్ని పెడనలో అచ్చులు చెక్కే కోటయ్యకిచ్చి, “నా సెట్టు మొత్తం దీంతో దించవయ్యా, కొలతలు మాత్రం తగ్గించు” అన్నాడు. కోటయ్య మహా నమ్మకస్థుడు. సెట్టు మొత్తం అంటే మొత్తమే దించాడు. పెద్ద తీగ, చిన్న తీగ, మూల అచ్చు, వాటితోబాటు బల్ల గుర్తు కూడా. పెడనలో ప్రతి బల్లకీ ఒక గుర్తుంటుంది, ఆ గుడ్డ ఎవరి పనో తెలియడానికి. నాంచారయ్య బల్లది మూడు రేకుల పువ్వు. విరిగిన కొస కూడా విరిగినట్టే చెక్కిచ్చాడు మహానుభావుడు. లాబొరేటరీ రిజిస్టర్లో దాన్ని ‘చిన్న అచ్చు, ఖాళీలు పూడ్చేందుకు’ అని రాసుకున్నారు.

మొదటి మనిషి శేషారత్నం. బందరులో ఓ మిఠాయి దుకాణం వెనక పాకం పట్టే అమ్మాయి, ఇరవై ఆరేళ్లు. బెల్లప్పాకం గంగాళం ఒరిగి మెడ నుంచి కుడి మోచేతిదాకా కాలిపోయింది. ఆమె చర్మం గాజు పెట్టెలో సిద్ధమైన రోజున, నాంచారయ్య చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ, తల మీద టోపీ పెట్టుకుని నిలబడ్డాడు.

“మెడ దగ్గరికొచ్చే ఈ మూల ఉంది చూశారా, రెండు వేళ్ల మేర ఖాళీ వదలండి” అంది హైమవతి. “మనం దారి వేయని చోట శరీరం తనంతట తాను ఏం చేస్తుందో చూడాలి.”

“అలాగేనండి” అన్నాడు.

అలాగే వదిలాడు కూడా. పెద్ద తీగ వేశాడు, చిన్న తీగతో కలిపాడు, అంచులు చుట్టాడు. ఊపిరి బిగబట్టి చేసిన పని నిమిషంన్నరలో అయిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. గుడ్డ పూర్తయింది. కింద కుడి మూల ఖాళీగా ఉంది. చెయ్యి చిన్న అచ్చు అందుకుంది, మందులో అద్దింది, ఆ మూల మీద పెట్టి పిడికిలితో రెండు దెబ్బలు వేసింది. నలభై నాలుగేళ్లుగా పూర్తయిన ప్రతి గుడ్డకీ ఖాళీ మూలలో అదే చేస్తోంది మరి. చెయ్యి ఎవర్ని అడుగుతుంది?

తొడుగులు విప్పుతుంటే తెలిసింది ఏం చేశాడో. పై ప్రాణాలు పైనే పోయాయి. చెబుదామని తిరిగేసరికి పొరని పళ్లెంలో పెట్టుకుని అందరూ ఆపరేషన్ గదిలోకి పరుగెత్తారు. మందుకి రంగు లేదాయె, ఎవరికీ ఏమీ కనపడలేదు. పడింది చుక్క మందు, ఏమవుతుందిలే అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

మూడో వారంలో శేషారత్నం దేనికో పకపకా నవ్వింది. నవ్వగానే చెవి కింద, కొత్త చర్మం మీద, ఎర్రగా మూడు రేకుల పువ్వు తేలింది. నవ్వు ఆగాక మెల్లగా మాయమైంది. లాబొరేటరీ లాబొరేటరీ అంతా వచ్చి ఆ పిల్లని మళ్లీ మళ్లీ నవ్వించి చూసుకున్నారు. ఫొటోలు తీశారు. హైమవతి చిన్నపిల్లలా గంతులేసినంత పని చేసింది. నాంచారయ్య ఆ విరిగిన కొస చూసి వెనక్కి జారుకున్నాడు.

ఆ రోజున చెప్పలేకపోయినవాడు ఆ తర్వాత ఎప్పుడు చెబుతాడు? ప్రతి శుక్రవారం శేషారత్నం బస్సెక్కి పెడన వచ్చేది, బందరు లడ్డూలు పట్టుకుని. వద్దు వద్దంటున్నా కాళ్లకి దణ్ణం పెట్టేది. “నువ్వు వేసిన దారుల్లోనే బాబాయ్ నా రక్తం నడుస్తోంది” అనేది. హైమవతి ఎక్కడ మాట్లాడినా ముందు ఈయన పేరే చెప్పేది. పెడన వీధిలో కుర్రకారు లేచి నిలబడేవారు. ఇంతమంది చేతులెత్తి మొక్కుతుంటే, అందులో సగం దొంగిలించినట్టే అనిపించేది ఆయనకి. మింగలేక కక్కలేక ఏడాది గడిపాడు.

ఇప్పుడు చూడండి, బాజీ. ఆటోనగర్ లో లారీ మెకానిక్కు. మరిగే రేడియేటర్ మూత ఎగిరిపోయి ఒళ్లు చాలా మేర కాలింది, ఎడమ చెయ్యి వేళ్లతో సహా ఉడికిపోయింది. ఒంటి మీద మిగిలిన మంచి చర్మం తక్కువ, అతని పొర ఒక్కటే తయారైంది. ఇంకోటి పెంచడానికి ఇంకో ముక్క లేదు. వేళ్ల మీద దారులు వేయకపోతే వేళ్లు తెల్లబడతాయి. తీసెయ్యాల్సిందే.

సభ అయ్యాక నాంచారయ్య హైమవతి పక్కకి చేరాడు. “డాక్టరుగారూ, ఎందుకైనా మంచిది, వేళ్ల మీద కూడా చిన్న తీగ వేసేస్తే పోలేదా అండి?”

“బాజీ పొర చాలా పల్చగా ఉంది నాంచారయ్యగారూ. అచ్చు దెబ్బ ఎంత తక్కువ పడితే అంత మంచిది. రత్నం మెడ మనకి నేర్పింది కదా!” అని, ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, “మీరు లేకపోతే ఇవాళ ఈ గదిలో ఎవరం లేము” అంది.

ఇంకేం చెబుతాడు? బస్సెక్కి ఇంటికొచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే బల్ల దగ్గర నిలబడ్డాడు గానీ అచ్చు గుడ్డకి ఆనించలేదు. కరక్కాయ రసం కలుపుతున్న భార్య రామతులసి ఇటు చూసింది.

“ఏంటి, ఇందాకట్నుంచీ ఆ అచ్చు పట్టుకుని నిలబడ్డావ్? దానికేమైనా దిష్టి తీస్తున్నావా?”

అంతే, ఆయనకి ఆగలేదు. మొత్తం చెప్పేశాడు. రామతులసి కర్ర పక్కన పెట్టేసింది.

“అమ్మో అమ్మో! ఏడాది బట్టీ ఆ పిల్ల తెచ్చిన లడ్డూలు తింటూ నాతో ఒక్క ముక్క అన్లేదు కదయ్యా నువ్వు! ఎంత గుండె నీది!”

“గుండె ఉంటే చెప్పేవాణ్ణే కదే.”

“ఇప్పుడు చెప్పు. ముందు ఆ పిల్లకి. మెడ దానిది. తర్వాత డాక్టరమ్మకి. ఇవాళే.” గొంతు తగ్గించింది. “నే రానా తోడు?”

“వద్దులే” అన్నాడు. కానీ ఆ మాట అడిగినందుకే ఆయనకి సగం బలం వచ్చింది.

శేషారత్నం మళ్లీ ఆ పొయ్యి దగ్గరే పని చేస్తోంది. కాలిన చోటికి తిరిగి వెళ్లడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. పొయ్యి వేడికి చెవి కింద పువ్వు నిండుగా వెలుగుతోంది. అది చూడ్డానికే మిఠాయి కొనేవాళ్లు కొందరు వెనక్కి తొంగి చూసి పోతుంటారు. పువ్వు రత్నం అని పేరు కూడా పెట్టారు.

“బాబాయ్! నువ్వేంటి ఇలా వచ్చావ్? రా, కూర్చో” అని స్టూలు లాగింది.

కూర్చోలేదు. “రత్నం, ఆ పువ్వు నీకు తనంతట తాను పూసింది కాదమ్మా. నేను వేశాను.”

ఆమె నవ్వేసింది. “అన్నీ నువ్వే కదా వేసింది!”

“అది కాదు తల్లీ. ఆ మూల వదిలెయ్యమన్నారు. నేను అలవాటు కొద్దీ నా బల్ల గుర్తు కొట్టేశాను. గుడ్డ అయిపోయాక కొడతామే, అది. కావాలని కాదు. చెప్పలేక దాచాను.”

పాకం గరిటె గంగాళంలోనే ఉండిపోయింది. ఆమె మొహం పాలిపోతుంటే పువ్వు మాత్రం పండుమిరపకాయలా ఎర్రబడింది.

“అంటే ఇది నీ బల్ల గుర్తా? నేనేమైనా దుప్పటినా బాబాయ్?”

నాంచారయ్య ఆమె లాగిన స్టూలు పట్టుకుని నిలబడ్డాడు.

“పాకం పడ్డాక నా ఒళ్లంటే నాకే అసహ్యమేసింది, తెలుసా నీకు? అద్దాలు బోర్లించేశా ఇంట్లో. ఈ పువ్వు చూశాకే మళ్లీ అద్దం తిప్పా. నా ఒళ్లే నామీద జాలిపడి ఇచ్చిందనుకున్నా. ఇప్పుడొచ్చి ఇది కూడా నాది కాదంటున్నావ్.”

“తప్పయింది తల్లీ. పెద్ద తప్పు.”

“మరి ఎందుకు చెప్పావ్? ఇన్నాళ్లు మూసుకున్న నోరు ఇంకాస్త మూసుకుంటే ఏం పోయింది?”

“బాజీ అని ఒకతను ఉన్నాడమ్మా. నీ మెడ చూసి అతని వేళ్లకి దారులు వెయ్యకుండా వదిలేస్తున్నారు. వేళ్లు పోతాయి.”

ఆమె గరిటె అందుకుని తిప్పడం మొదలెట్టింది, మొహం ఇటు తిప్పకుండానే.

“వెళ్లి డాక్టరుగారికి చెప్పు. నాకు మాత్రం కొన్నాళ్లు కనపడకు.”

హైమవతికి చెప్పడం ఇంకోలా కష్టం. ఆవిడ మొదట నమ్మలేదు. గాజు పెట్టె పైన కెమెరా తీసిన పాత వీడియో తెప్పించి చూసింది. టోపీ పెట్టుకున్న ముసలాయన, చేతిలో బుడ్డ అచ్చు, టక్ టక్ రెండు దెబ్బలు. మళ్లీ వేసి చూసింది. మళ్లీ. మొహం కందగడ్డ అయింది.

“ఏడాది నాంచారయ్యగారూ! ఏడాదిగా మేము ఆ రెండు వేళ్ల చోటు మీద ఎన్ని రాశాం, ఎంతమందికి చెప్పాం! బుధవారం ఓ మనిషి చెయ్యి పాడుచేసి ఉండేవాళ్లం. మీకేమీ అనిపించలేదా?”

“అనిపించబట్టే వచ్చానండి. ఆలస్యంగా వచ్చాను. మీరేమన్నా పడతాను.”

ఆవిడ లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. కుర్చీలో కూలబడింది. కోపం దిగుతున్న కొద్దీ మనిషి అలిసిపోయినట్టు కనిపించింది.

“మూల ఖాళీగా వదలమన్నది నేనే. అచ్చు వేసే మనిషికి ఖాళీ మూల అంటే ఏమిటో అడగాలని నాకు తోచలేదు. పైగా ఆ పువ్వు కనపడగానే మా అందరికీ అది నిజమైతే బావుండుననిపించింది. అందుకే ఎవరమూ ఈ వీడియో తీసి చూడలేదు. అయిదు నిమిషాల పని ఇది!” తల అడ్డంగా ఊపింది. “అసలు ఆ గుర్తు ఎందుకు వేస్తారండీ? పేరు కోసమా?”

“పేరెవరికి కావాలండి. రంగు పోయినా, గీత చెదిరినా, గుర్తు చూసి ఆ బల్ల దగ్గరికి తెస్తారు. మేం మళ్లీ ఉడకేసి సరిచేసి ఇవ్వాలి. గుర్తు పడ్డాక మాది కాదని అనడానికి ఉండదండి.”

హైమవతి ఫోన్ తీసుకుంది. మొదటి ఫోను స్నిగ్ధకి: లోగో ఆపెయ్యండి, అది ఓ అమ్మాయి మెడ మీది గుర్తు, ఆమె ఇష్టం లేకుండా మనం వాడే వీల్లేదు. రెండో ఫోను కోటయ్యకి: వేళ్లకి సరిపడా సన్న తీగ అచ్చులు మంగళవారానికి కావాలి. ఆ తర్వాత నాంచారయ్యని వెంటబెట్టుకుని నేరుగా బాజీ మంచం దగ్గరికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పింది. వేరే మనిషితో అచ్చు వేయించమంటే ఆగి, నేర్పించి, అప్పుడే చేస్తామంది.

బాజీ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “నా షెడ్డులో పన్నెండు మంది పనిచేశారమ్మా. నట్టు బిగించడం మర్చిపోయానని తనంతట తానొచ్చి చెప్పినోడు ఒక్కడే. వాణ్ణే ఇప్పటిదాకా ఉంచుకున్నా. ఈ పెద్దాయనతోనే వేయించండి.”

నాంచారయ్య ఆ మాటకి తలుపు చాటుకి పోయి కళ్లు ఒత్తుకున్నాడు. తిడతాడనుకున్న మనిషి చెయ్యి అప్పగించాడు మరి!

బుధవారం పని మూడు నిమిషాలు పట్టింది. ఒక్కో వేలు మీదా గడ్డిపరకంత తీగ, దెబ్బ కొట్టకుండా బొటనవేలితో అదిమి అదిమి వేశాడు. అచ్చుల పళ్లెంలో బల్ల గుర్తు లేదు, ఆయనే తీయించేశాడు. అంచులో మిగిలిన చిన్న ముక్కని హైమవతి కత్తిరించి, దారి మందు లేకుండా బాజీ తొడ మీద కాలిన చోట పరిచి చూసింది. నాలుగో రోజుకి అది సున్నంలా తెల్లబడింది. వేళ్లు మాత్రం లేతగా, గులాబీ రంగులో, వెచ్చగా ఉన్నాయి. ఇరవయ్యో రోజున బాజీ బొటనవేలు మడిచి చూపించాడు. హైమవతి ఆ తెల్లబడ్డ ముక్కనీ ఆ వేళ్లనీ పక్కపక్కన ఫొటో తీసి, లాబొరేటరీ తలుపుకి అంటించింది. తన తప్పు తనే అంటించుకుంది, అదీ ఆవిడ గొప్ప.

శేషారత్నం మాత్రం ఆ నెలంతా పెడన రాలేదు. శుక్రవారాలు వచ్చేవి, పోయేవి. రామతులసి బస్టాండు వైపు చూసి లోపలికి వెళ్లేది. గుర్తు అక్కర్లేదంటే లేజరు కాంతి సూదితో ఆ కాస్త నాళాలూ మూసేయవచ్చని, ఇరవై నిమిషాల పనేనని హైమవతి ఆమెకి కబురు చేసింది. వస్తానందట.

ఆ రోజు నాంచారయ్య వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి పిలవలేదు, పిలవాలని అనుకోనూ లేదు. తన వల్ల జరిగింది ఆ పిల్ల ఒంటి మీంచి పోయేటప్పుడు దగ్గర్లో ఉండాలి, అంతే. స్నిగ్ధ కూడా వచ్చింది, కొత్త లోగో బొమ్మలేవో సంచిలో పెట్టుకుని. ఈసారి మజ్జిగ కూడా అడక్కుండా మూల కూర్చుంది.

కాసేపటికి నర్సు వచ్చి, “పెద్దాయనా, రమ్మంటున్నారు” అంది.

శేషారత్నం బల్ల మీద కూర్చునుంది. మెడ ఒకవైపు తుడిచి సిద్ధం చేశారు. హైమవతి చేతిలో పరికరం ఉంది. పువ్వు పల్చగా కనపడుతోంది.

“బాబాయ్, ఓ మాట అడుగుతా. డాక్టరుగారు చెప్పారు, గుడ్డకి ఏదన్నా అయితే ఆ గుర్తు చూసి నీ దగ్గరికి తెస్తారని. నిజమేనా?”

“నిజమే తల్లీ.”

“ఎన్నాళ్ల దాకా తెస్తారు?”

“ఎన్నాళ్లని లేదమ్మా. మా నాన్న వేసిన దుప్పటొకటి మొన్నెండాకాలం పట్టుకొచ్చారు గుడివాడ నుంచి. ఆయన పోయి పద్దెనిమిదేళ్లు. నేను సరిచేసి ఇచ్చా.”

“నువ్వెయ్యకపోయినా?”

“బల్ల మాదే కదమ్మా.”

ఆమె చెవి కింద వేలితో తడుముకుంది. ఆ పిల్లకి తెలియకుండానే పువ్వు చిక్కబడింది.

“నాకు బాగా కోపంగా ఉంది బాబాయ్ నీ మీద. ఇంకా పోలేదు. కానీ చూడూ, పాకం పడ్డ రోజున ఆ గంగాళం తప్పు నాది కాదన్నాడు దుకాణం ఓనరు. పొయ్యి కట్టినోడు తనది కాదన్నాడు. నాదే తప్పని నేనూ ఒప్పేసుకున్నా, ఎవరో ఒకళ్లు ఒప్పుకోవాలిగా. నాది అని వచ్చి చెప్పింది నువ్వొక్కడివే. ఇది తీసేయించుకుంటే, రేపు నాకేదన్నా అయితే నేనెవరి దగ్గరికి రావాలి?”

హైమవతి చేతిలోది బల్ల మీద పెట్టేసింది.

శేషారత్నం కిందికి దిగి పైట సర్దుకుంది. గుమ్మంలో నిలబడ్డ స్నిగ్ధని చూసి, “మీరేనా ఆ బొమ్మ వేసింది? ఉంచుకోండి. ఆ రేకులూ, అర్థాలూ మాత్రం కొట్టేయండి. తేడా వస్తే మా దగ్గరికి రండి అని రాయండి, చాలు” అంది.

స్నిగ్ధ సంచిలోంచి పెన్ను తీసి ఆ మాట అక్కడికక్కడే రాసుకుంది.

నాంచారయ్య ఏడుస్తున్నాడు, దాచుకోకుండా, చిన్నపిల్లాడిలా. ఏడాది పొడుగునా అందరూ పెట్టిన దణ్ణాలు మోయలేక నలిగిపోయిన మనిషి, ఇప్పుడు రెండు చేతులూ ఎత్తి ఆ పిల్లకి పెట్టాడు. “నాదే తల్లీ. ఆ పువ్వు నాదే. ఎప్పుడైనా సరే, నా దగ్గరికే రా.”